ఎర్రగా కనిపించిన తోట

పెరంబూరు
14 సెప్టెంబరు 2025, ఆదివారం

అమ్మణి చిన్నమ్మకి,

బాగున్నావా అని అడగను. అడిగితే "బాగలేదంటే వచ్చి మోస్తావా" అంటావు. నేను బాగున్నాను. వేళకి తింటున్నాను. మళ్ళీ ఉద్యోగం మారాను. ఈ మాట దగ్గరే ఉత్తరం చించి పారేయకుండా చివరిదాకా చదువు.

నువ్వు ఫోను ఎత్తడం మానేశాక నాకు ఉత్తరం తప్ప వేరే దారి లేదు. ఎవడో బ్యాంకువాడినని చెప్పి నెంబరు అడిగాడని ఫోన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టిన మనిషివి లోకంలో నువ్వొక్కదానివే అయ్యుంటావు. దీన్ని మీ ఊరి పాలవ్యాను గోవిందసామి అన్న చేతికిస్తున్నాను. ఆయన తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు, కాబట్టి నీకు బెంగ అక్కరలేదు. అమ్మ పోయాక నువ్వు పెంచావు, నువ్వే ఈ అక్షరాలు దిద్దించావు. బళ్ళో దిద్దినవి ఒక్కటీ గుర్తులేవు, ఇవి మిగిలాయి.

టి. నగర్ చీరల కొట్టు వదిలేశాను. రోజంతా మడతలు విప్పడం, మళ్ళీ పెట్టడం. కోడంబాక్కంలో షూటింగు లైట్లు మోసే పని కూడా వదిలేశాను. ఇప్పుడు అదే కోడంబాక్కంలో ఒక పాత డబ్బింగు థియేటరు మేడ మీద ఆఫీసు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం తీసిన ఫోటోలు వాళ్ళ కంప్యూటర్లలోకి వస్తాయి. ఎక్కడ చెట్లు పెరిగాయి, ఎక్కడ పోయాయి, ఏ చెరువు పూడిపోయింది అని చూసి సర్కారుకి లిస్టు పంపిస్తారు. కంప్యూటరు చెప్పింది నిజమా కాదా అని ఎవరో ఒకరు ఆ చోటికి పోయి చూడాలి కదా. ఆ ఎవరో ఒకరు నేను. బండి మీద పోయి, వాళ్ళు చెప్పిన చోట నిలబడి, నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఏముందో రాయాలి. నేను ఎక్కడున్నదీ నా ఫోనే ఆఫీసుకి చెప్తుంది. తొమ్మిదో తరగతి దాటనివాడికి ఇంత పని ఎందుకిచ్చారో నాకే అనుమానంగా ఉంది. ఎండలో తిరగడానికి చదువుకున్నవాళ్ళు దొరక్క ఇచ్చి ఉండొచ్చు. ఏదైనా తప్పు జరిగితే తోసేయడానికి నా తల ఉంటుందని కూడా ఇచ్చి ఉండొచ్చు.

మా పై ఆఫీసరు వర్షిణి మేడం. విజయవాడ ఆవిడ, వచ్చి రెండేళ్ళయింది. నా మాట విని మొదటి రోజే అడిగింది, "మీరు తెలుగువాళ్ళా? మరి ఇదేం తెలుగండీ!"

"మెడ్రాసు తెలుగు మేడం. మీరు రాకముందు నుంచీ ఈడే ఉంది" అన్నాను.

నవ్వింది. నవ్వే ఆఫీసర్లని నేను తొందరగా నమ్మను.

అదే రోజు, తెలిసిన ఊరేదైనా చూపించమంది. పులియంపాక్కం చూపించాను. నీ తోట ఇట్టే దొరికింది! తెలిసినవాళ్ళ తోట అన్నానే కానీ మా చిన్నమ్మదని చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఆ ఫోటో ప్రింటు తీసి ఈ కవర్లో పెట్టాను. చుట్టూ అంతా బూడిద రంగు, మధ్యలో ఎర్రగా కనిపిస్తోందే, అదే నీ సపోటా తోట. అంత ఎత్తు నుంచి చూసినా దాగడం లేదు. ఆఫీసులో అందరూ లేచొచ్చి చూశారు. మేడం దాని చుట్టూ గుండ్రం గీసి విడిగా పెట్టుకుంది.

పట్టా అర్జీ ఎంతవరకు వచ్చింది? రాయి.

నీ మాట ఎప్పుడూ వినని
ప్రేమ్‌నాథ్

---

పులియంపాక్కం
21 సెప్టెంబరు

ప్రేమూ,

ఉత్తరం చేరింది. కవరు మూత ఒక మూల లేచి ఉంది. గోవిందసామిని నిలదీస్తే, "నాకు చదవను రాదు కదమ్మా" అంటాడు. చదవను రానోడికి ఫోటో చూడను కూడా రాదా? ఈసారి నుంచి అన్నం మెతుకులతో నాలుగు పక్కలా బాగా అంటించు.

అర్జీ ఇంకా తాలూకా ఆఫీసులోనే పడుంది. మన ఊరి వీఏఓ, అదే గ్రామాధికారి, ఒకసారి వచ్చి మానులు లెక్కపెట్టుకుని పోయాడు. ఇంకోసారి వచ్చి చూసి పైకి రాస్తానన్నాడు. ఆయనకి చెట్టంటే మానే. కాయ ఉందా ఆకు ఉందా అని తల ఎత్తి కూడా చూడలేదు. ఇది సర్కారు బంజరు కదా, మీ చిన్నాన్న నాటిన చెట్లు తప్ప ఈ నేల మీద మేమున్నామని చెప్పేదానికి నా దగ్గర ఏముంది? ఆయనా లేడు. చెట్లుంటేనే నేల. లేదంటే నేను మళ్ళీ రోడ్డు మీదికే.

నీ ఫోటో చూశాను. చూసినప్పటి నుంచి ఒకటే గుర్తుకొస్తోంది. కూవం ఏటి గట్టు మీద మన ఇల్లు నీకు జ్ఞాపకముందా? ఒక పొద్దున ఒకడొచ్చి మన తలుపు మీద ఎర్ర పెయింటుతో నెంబరు రాశాడు. "ఊరికే లెక్క కోసమమ్మా" అని నవ్వుతా రాశాడు. ఎర్ర నెంబరు పడిన ఇళ్ళన్నీ పొక్లెయినుతో తోసేశారు, పడని ఇళ్ళు నిలబడ్డాయి. సరేలే, ఏదో పాత మాట.

నీ కొత్త ఉద్యోగం గురించి ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ఆ ఎరుపు ఎవరు వేశారు, మనిషా మిషనా? పక్కన మునిరత్నం నేలకి వేయకుండా నాకు మాత్రం ఎందుకు వేశారు? ఆ ఉపగ్రహం మళ్ళీ మా మీదికి ఎప్పుడొస్తుంది? మబ్బు పడితే కనపడుతుందా? పైనుంచి దానికి మాను కనపడుతుందా, ఆకు కనపడుతుందా?

ఆ మేడం గుండ్రం ఎందుకు గీసిందో కనుక్కో. నేను అడిగానని మాత్రం చెప్పొద్దు. నువ్వు కొన్నాళ్ళు ఈడికి రావొద్దు. నీ ఫోను నువ్వు యాడుండేదీ ఆఫీసుకి చెప్తుందని నువ్వే అన్నావు కదా.

అమ్మణి

---

పెరంబూరు
5 అక్టోబరు

అనుమానాల అమ్మణి చిన్నమ్మకి,

మెతుకులతో అంటించాను. విప్పేటప్పుడు ఉత్తరం కూడా చిరిగితే నా పూచీ లేదు.

నీ ప్రశ్నలు చదివి నవ్వుకున్నాను. ఎరుపు వేసేది మిషనే, అందులో మనిషి చేయి లేదు, ఎవరూ చెరపలేరు. మునిరత్నం నేలలో ఏముందని ఎర్రబడాలి? నీదే ఎరుపు. అయిదు రోజులకొకసారి ఉపగ్రహం మీ మీదుగా పోతుంది. మబ్బుంటే దానికేమీ కనపడదు, మబ్బు పోయేదాకా మేము కూడా గుడ్డివాళ్ళమే. పైనుంచి చూసేది కాబట్టి ఆకే దాని లెక్క, మానుతో దానికి పనిలేదు. మేడం గుండ్రం ఎందుకు గీసిందో అడిగితే "అవసరముంది" అంది. అంతకు మించి చెప్పలేదు.

మొన్న ఒక కల్యాణమండపానికి పంపించారు. వాళ్ళు ముందరంతా పచ్చిక వేశామని కాగితాల్లో రాసుకున్నారు, ఉపగ్రహం ఫోటోలో మాత్రం ఆకన్నదే లేదు. గేటు దాటి నాలుగడుగులు వేశానో లేదో వాచ్‌మన్ పట్టుకున్నాడు.

"ఎవురప్పా నువ్వు? లోపలికి ఎందుకొచ్చినావు?"

"గడ్డి చూడను వచ్చినాను అన్నా."

"గడ్డి చూడనా? నువ్వేమన్నా ఆవా?"

వంగి చేత్తో పట్టుకు చూస్తే ప్లాస్టిక్కు! కంటికి పచ్చగా ఉంది, నిగనిగలాడుతోంది, ఉపగ్రహం మాత్రం మోసపోలేదు. వాచ్‌మన్ నా ఫోను లాక్కుని ఫోటోలన్నీ చూసి, పెళ్ళికూతురి ఫోటో లేదని తేల్చుకున్నాకే వదిలాడు. నేను ఎక్కడికి పోయినా ఇంతే. ఇంటి పన్నువాడినని కొందరు, దొంగనని కొందరు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. పొన్నేరి వైపు ఒక చోటికి పోయినప్పుడు ఒకాయన పిలిచి టీ ఇప్పించాడు. బన్ను కూడా ఇప్పించాడు. ఉపగ్రహం ఎప్పుడొస్తుంది, మబ్బుంటే కనపడుతుందా అని మెల్లగా అడిగాడు. తర్వాత తెలిసింది, రాత్రికి రాత్రి మట్టి తవ్వి లారీల్లో అమ్మేవాడు. ఆయన అడిగిన ప్రశ్నలూ నీ ప్రశ్నలూ ఒక్కటే. నీకెందుకు చిన్నమ్మా అవి? మీ తోట దగ్గర తెల్ల కారు ఆగిందనీ, దిగినాయన చాలాసేపు కొలిచినట్టు నడిచాడనీ గోవిందసామి అన్న చెప్పాడు. ఎవరాయన?

నన్ను రావొద్దన్నావు, రాను. కానీ దాచొద్దు.

ప్రేమ్‌నాథ్

---

పులియంపాక్కం
9 నవంబరు

ప్రేమ్‌నాథ్‌కి,

నెల పైనైంది కదా, ఇంకా రాయలేదేమిటని చూస్తున్నావేమో. రాయబుద్ధి కాలేదు.

నా మీద గోవిందసామిని కాపలా పెట్టావా? పాలకి డబ్బులు ఆయనకి నేనిస్తుంటే, ఊరి కబుర్లు నీకు మోస్తున్నాడా? కారులో వచ్చింది శేషాద్రి అనే బ్రోకరు. మెడ్రాసు నుంచి వచ్చాడు. "మీ నేల మీద సర్కారు కన్ను పడిందమ్మా, వాళ్ళు తీసుకోకముందే నాకిచ్చేయండి, సంతకం ఒక్కటి చాలు" అన్నాడు. సర్కారు కన్ను పడిందని ఆయనకి ఎట్లా తెలిసింది? నాకు ఫోటో పంపించింది నువ్వొక్కడివే. ఆఫీసంతా లేచొచ్చి చూశారని రాసింది కూడా నువ్వే. వాళ్ళలో ఎవరు ఎవరికి చెప్పారో, ఎవరు చెప్పమంటే చెప్పారో, నేను అడగను. నువ్వు చీరల కొట్టులో ఉన్నప్పుడు బాగుండేది. చీర చూపిస్తే కొనేవాళ్ళు కొంటారు, లేకుంటే పోతారు.

నన్ను మట్టి దొంగతో పోల్చావు. నీకు ఎనిమిదేళ్ళప్పుడు కామెర్లు వస్తే నిన్ను భుజాన వేసుకుని పెరంబూరు రైల్వే ఆసుపత్రి గేటు ముందు కాళ్ళు పట్టుకున్నదాన్ని. అది కూడా రాసుకో నీ రిపోర్టులో.

ఈడ మబ్బులు దిగాయి. సూర్యుడు కనపడి నాలుగు రోజులైంది. ఇంకా వారం పది రోజులు ఇట్లాగే ఉంటుందట. నాకు పనుంది, మనుషులని పిలిచాను. ఇకమీదట నా తోటని ఎవరికైనా చూపించే శ్రమ నీకుండదు.

అమ్మణి

---

పెరంబూరు
7 డిసెంబరు, ఆదివారం

చిన్నమ్మా,

శుక్రవారం ఆకాశం తెరిపిచ్చింది. ఇన్ని రోజుల తర్వాత మీ వైపు శుభ్రమైన ఫోటో వచ్చింది. మేడం నన్ను పిలిచింది.

"ప్రేమ్, మీరు మొదటి రోజు చూపించిన తోట ఇదే కదా?"

"అవును మేడం."

"ఇది లేదు ఇప్పుడు."

నేను నమ్మలేదు. వేరే చోటు చూపిస్తోందనుకున్నాను. మేడమే ఏదో చేసిందేమో, గుండ్రం ఇందుకే గీసిందేమో అనుకున్నాను. కుర్చీ లాక్కుని నేనే వెతికాను. చెరువు ఉంది, రోడ్డు మలుపు ఉంది, మునిరత్నం పొలం వానలకి కొత్త పైరుతో ఎర్రగా ఉంది. ఊరంతా ఎర్రగా ఉంది. మధ్యలో నీ తోట ఒక్కటే సిమెంటు నేలలాగా బూడిద రంగులో ఉంది.

అప్పుడు నీ ప్రశ్నలన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. మబ్బుంటే కనపడుతుందా అని అడిగావు. మబ్బు రాగానే మనుషులని పిలిచావు. శేషాద్రికి ఇచ్చేశావా? నాకు ఒక్క మాట చెప్పకుండా? చిన్నాన్న నీళ్ళు మోసి పెంచిన చెట్లు. నేను కూడా మోశాను, ఎండాకాలం సెలవుల్లో. నువ్వు ఇచ్చేశావు.

ఎరుపంటే ఏమిటనుకుంటున్నావు? ప్రాణమున్న ఆకు. మన కంటికి కనపడని వెలుగేదో ఆకుకి తగిలి తిరిగి పైకి పోతుందట, దాన్ని కంప్యూటరు ఎర్రగా చూపిస్తుంది. ఆకు ఎంత ఏపుగా ఉంటే అంత ఎరుపు. సెప్టెంబరు ఎండకి ఊరంతా వాడి బూడిదైపోతే నీ తోట ఒక్కటే ఎర్రగా నిలబడింది. అందుకే కదా అందరూ లేచొచ్చి చూశారు! నేను గొప్పగా నీకు ప్రింటు తీసి పంపించింది అందుకే. మా ఆఫీసులో టీ తెచ్చేవాడికి కూడా తెలుసు ఎరుపంటే ఆకని.

ఇప్పుడు సంగతి విను. చెట్లు పోయిన చోట్ల లిస్టులో నీ తోట చేరింది. ఆ లిస్టు సర్కారుకి పోతుంది, అక్కడి నుంచి నీ అర్జీ ఉన్న తాలూకా ఆఫీసుకీ పోతుంది. తోట లేని నేలకి పట్టా ఎందుకిస్తారు? పంపేముందు ఒకసారి పోయి చూసి, ఎందుకు పోయాయో కారణం రాయాలి. గురువారం నన్నే పొమ్మన్నారు, మేడం కూడా వస్తుంది. నువ్వు నా చిన్నమ్మవని ఇంకా చెప్పలేదు.

ఎంతకిచ్చావని అడగను. ఇచ్చావా లేదా, అది ఒక్కటి చెప్పు.

ప్రేమ్

---

పులియంపాక్కం
9 డిసెంబరు

ప్రేమూ,

ఎరుపంటే ఆకా?

ఈ మాట మొదటి ఉత్తరంలో ఎందుకు రాయలేదురా? చీరల కొట్టు రాశావు, లైట్లు రాశావు, మేడం నవ్విందని రాశావు. ఈ ఒక్క ముక్కకి కాగితంలో చోటు లేకపోయిందా? నీ ఉత్తరం చదివి చాప మీద కూర్చున్నదాన్ని మధ్యాహ్నం దాకా లేవలేదు.

నేనెవరికీ అమ్మలేదు. శేషాద్రి రెండోసారి వస్తే కుక్కని వదిలాను. నాకు ఆ ఎరుపు మన తలుపు మీద వేసిన ఎరుపులాగే కనిపించింది. నన్ను ఖాళీ చేయించడానికి గుర్తు పెట్టుకున్నారనుకున్నాను. నువ్వేమో అంత ఎత్తు నుంచి కూడా దాగదన్నావు, ఎవరూ చెరపలేరన్నావు. ఆకే దాని లెక్క, మానుతో పనిలేదన్నావు. సరే, ఆకు లేకుంటే ఎట్లా చూస్తుంది అనుకున్నాను. మబ్బులో కొమ్మలన్నీ కొట్టించేశాను. ఆకన్నది లేకుండా చేయించాను. మానులు మాత్రం ముట్టుకోనివ్వలేదు. వీఏఓకి మానులు కావాలి కదా, ఆయన లెక్కకి అవి ఉంటాయి. పైవాడి లెక్కకి ఆకు ఉండదు. ఇద్దరి దగ్గరా తప్పించుకున్నాననుకున్నాను.

కొమ్మలు కొడుతుంటే పాలు కారాయి. వానకి కడిగేసినా నేలంతా జిగటజిగటగా ఉంది. పిందెలు కూడా రాలాయి. ఇవి బతుకుతాయో లేదో నాకు తెలియదు. మీ చిన్నాన్న ఉంటే చెప్పేవాడు.

నేను అమ్ముకున్నానని అనుకున్నావు నువ్వు. నిన్ను నేను ఏమనుకున్నానో తెలుసా? శేషాద్రి దగ్గర నువ్వేదో తిన్నావనుకున్నాను. నీది నాకంటే నయం.

గురువారం రా. ఆ మేడం ముందు నన్ను చిన్నమ్మా అని పిలవొద్దు, ఎవరో అన్నట్టు ఉండు. నేనూ అట్లాగే ఉంటాను. మొన్నటి గాలివానకి కొమ్మలు విరిగాయని రాసుకుని పో. గాలివాన వచ్చిందని అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. నా కోసం ఈ ఒక్కటి చేయి. ఇంకేదీ అడగను.

చిన్నమ్మ

---

పెరంబూరు
14 డిసెంబరు, ఆదివారం

చిన్నమ్మా,

గురువారం నన్ను "రండి సార్" అన్నావు. పుట్టి ఇన్నేళ్ళకి నీ నోట సార్ అనిపించుకున్నాను. నాకు నవ్వు కూడా రాలేదు. మానులన్నీ చేతులు తెగినవాళ్ళలాగా నిలబడున్నాయి. నాలుగు వైపులా ఫోటోలు తీశాను.

నువ్వూ మేడమూ మాట్లాడింది నేను మరిచిపోలేను.

"ఈ కొమ్మలు ఎలా పోయాయమ్మా?"

"గాలి మేడం."

"గాలి ఇంత నున్నగా కోస్తుందా?"

"ఈడ గాలి అట్లే కోస్తుంది మేడం."

"పక్క తోటలో ఒక్క కొమ్మ కూడా విరగలేదు కదా?"

"అది వాళ్ళ పుణ్యం."

తిరిగొచ్చేటప్పుడు రెడ్‌హిల్స్ దగ్గర టీ తాగడానికి ఆపాం. మేడం గ్లాసు పట్టుకుని తాగకుండా నన్నే చూస్తోంది. "ప్రేమ్, ఆవిడ మీకు ఏమవుతారు?" అంది. నేను ఏమీ అనకముందే, "మీ ఇద్దరూ ఒకేలా అబద్ధమాడతారు, కళ్ళార్పకుండా" అంది. ఇక దాచలేదు. ఫోటో పంపించిన దగ్గర నుంచి మొత్తం చెప్పాను. కూవం గట్టు ఎర్ర నెంబరు కూడా చెప్పాను. మేడం గ్లాసు పక్కన పెట్టేసింది. తర్వాత, "మొదటి రోజే చెప్పి ఉంటే మిమ్మల్ని ఈ చోటుకి పంపేదాన్నే కాదు" అంది. కోపంగానే అంది. ఆ గుండ్రం సంగతి కూడా అడిగాను. కొత్తగా చేరినవాళ్ళకి, ఎండలో కూడా ఆకు ఎర్రగా ఎలా కనపడుతుందో నేర్పడానికి గీసిందట. అంతే! ఇద్దరం ఎన్నెన్ని అనుకున్నాం.

గాలి అని రాయమన్నావు. రాయలేదు చిన్నమ్మా. పక్క తోటల ఫోటోలు అదే పేజీలో ఉన్నాయి, చూసినవాడెవడైనా పట్టేస్తాడు. అప్పుడు చెట్లూ పోతాయి, మాటా పోతుంది. కారణం అని ఉన్న చోట ఇలా రాశాను: ఇది మా చిన్నమ్మ తోట. ఎరుపంటే పచ్చదనమని చెప్పకుండా నేను ఫోటో పంపించాను. నేల ఖాళీ చేయిస్తారని భయపడి ఆమె కొమ్మలు కొట్టించింది. తప్పు నాది. చెట్లు నరకలేదు, నిలబడున్నాయి.

కింద నా పేరు రాశాను. బంధువు రాసింది చెల్లదు కాబట్టి మేడం తను కూడా చూశానని సంతకం పెట్టింది. పదేళ్ళ నుంచి ప్రతి ఎండాకాలం నీ తోట ఎర్రగా ఉన్న పాత ఫోటోలు తీసి జతచేసింది. నిన్ననే తాలూకా ఆఫీసుకి పోయింది.

నా ఉద్యోగం ఉంటుందో పోతుందో మేడం పై ఆఫీసరు చెప్పాలి. పొమ్మంటే పోతాను, ఈసారి నేనుగా మాత్రం వదలను.

వీఏఓ ఎప్పుడైనా వస్తాడు. వచ్చి అడిగితే నేను నీ అక్క కొడుకునని చెప్పు. గాలి అనొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నువ్వొకటి చెప్పి నేనొకటి రాసి ఉంటే ఇద్దరినీ నమ్మరు. అందుకే ఈ ఉత్తరం రేపటి పాలవ్యానుకే ఇస్తున్నాను.

ప్రేమ్

---

పులియంపాక్కం
18 డిసెంబరు

ప్రేమూ,

వ్యాను రెండు రోజులు మెకానిక్కు దగ్గర పడుంది. నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. వీఏఓ నిన్న పొద్దునే వచ్చి పోయాడు.

జరిగింది రాస్తాను, చివరిదాకా చదివాక తిట్టు. ఆయన చేతిలో మీ ఆఫీసు కాగితాలు ఉన్నాయి. తోట మొత్తం ఒక చుట్టు తిరిగాడు.

"కొమ్మలు ఏమైనాయమ్మా?"

"గాలివాన సార్."

కాగితం చూశాడు. నన్ను చూశాడు.

"ప్రేమ్‌నాథ్ అని ఒకడు రాసినాడు. వాడు మీకు ఏం కావాల?"

నువ్వు బంధువునని దాచి ఉంటావు, నేను చెబితే నీ ఉద్యోగం పోతుందనుకున్నాను. "ఎవురో నాకు తెలీదు సార్. గురువారం వచ్చినాడు, ఫోటో తీసుకున్నాడు, పోయినాడు" అన్నాను.

"వాడు మీరు చిన్నమ్మ అని రాసుకున్నాడే? గాలి అని కూడా రాయలేదు, వేరే రాసినాడు. ఇప్పుడు ఎవురు చెప్పేది నిజం?"

ప్రేమూ, నువ్వేం రాశావో నాకు తెలియదు. శేషాద్రి గుర్తుకొచ్చాడు. నా పేరు చెడగొట్టి నీ ఉద్యోగం నిలబెట్టుకున్నావేమో అని కూడా అనుకున్నాను, దాచను. వాడు బడి మానేసినోడు సార్, ఒక్క పనిలో నిలవడు, వాడి మాట నమ్మొద్దండి అంటే చాలు, నేను బయటపడతాను. ఆ మాట నోటి దాకా వచ్చింది.

"వాడు రాసిందే నిజం సార్. నేను చెప్పింది అబద్ధం" అన్నాను.

"ఏం రాసినాడో తెలుసునా?"

"తెలీదు."

"చదవనా?"

"వద్దు సార్. చదివి చెప్పొద్దు. అదే రాసుకోండి."

ఆయన కాగితాలు చంకలో పెట్టుకున్నాడు. దగ్గరున్న మాను మీద గోరుతో గీరాడు. ఇంకో మాను మీద గీరాడు. లోపల పచ్చగా ఉంది. అట్లా నాలుగైదు గీరాడు, రెండు మాత్రం ఎండి పొట్టు రాలాయి. "మిగతావి చిగురేస్తాయి, తొందరపడి నీళ్ళు ఎక్కువ పెట్టొద్దు" అన్నాడు. తోట ఉంది అని రాసుకున్నాడు. పట్టా ఇచ్చేది తను కాదట, పైవాళ్ళట. జనవరిలో తాలూకా ఆఫీసులో విచారణ. తోట ఎప్పటి నుంచి ఉందో చెప్పడానికి ఆ ఫోటోలతో నిన్నూ రమ్మంటారు, నీ పేరు పెట్టి పిలుస్తారు.

ఉద్యోగం ఉన్నా పోయినా రా. ముందు రోజే వచ్చి ఈడ పడుకో. ఆ మేడాన్ని కూడా ఒకసారి భోజనానికి తీసుకురా, గాలి సంగతి నేనే ఒప్పుకుంటాను. వచ్చేముందు ఆ జుట్టు కత్తిరించుకో. ఆఫీసరు ముందు నిలబడితే, చూసినవాళ్ళు నమ్మేటట్టు ఉండాలి.

నీ చిన్నమ్మ
అమ్మణి